ఫలించని ప్రాజెక్టు నివేదికపై సంతకం చేయాలా?

రాయలసీమలోని ఒక విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రం బోధించే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కనుక, ఆమెను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

నాలుగేళ్ల కిందట ఆమె ఒక సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ప్రధాన పరిశోధకుడిగా (పీఐ) మొదలైన మూడేళ్ల పరిశోధన ప్రాజెక్టులో సహ పరిశోధకురాలిగా (కో-పీఐ) చేరారు. బోరుబావుల కింద చీనీ (బత్తాయి), టమాటా, వేరుశనగ పండించే రెండు గ్రామాల్లో నేలతేమను కొలిచే సెన్సర్లు పాతి, ఆ లెక్కలను వాతావరణ సూచనతో కలిపి, కంప్యూటర్ సైన్స్ వారు తయారుచేసిన మోడల్ ద్వారా "ఈ రోజు తడి ఇవ్వండి", "మరో మూడు రోజులు ఆగండి" అని రైతుల ఫోన్లకు సందేశాలు పంపాలన్నది పథకం. దానివల్ల భూగర్భజల వాడకం తగ్గుతుందని ఆశించారు. పంటల నీటి అవసరాన్ని లెక్కగట్టే పని ఒక వ్యవసాయ శాస్త్రవేత్తది. నీటి విషయంలో రైతులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో పరిశీలించడం ఈమె వంతు.

మూడో ఏడాది చివర చూస్తే మోటార్లు నడిచిన గంటల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కారణాలు ఆమెకు కొత్తవి కావు. చాలా పొలాల్లో మోటారుకు ఆటోమేటిక్ స్టార్టర్ ఉంది, కరెంటు రాగానే దానంతటదే నడుస్తుంది. కొన్ని బోర్లు అన్నదమ్ముల ఉమ్మడివి, వంతు వచ్చిన రోజున నీళ్లు పెట్టుకోకపోతే మళ్లీ వంతు ఎప్పుడో. ఫోన్ నంబర్లను పట్టాదారు పాసు పుస్తకాల ఆధారంగా సేకరించినందువల్ల, కౌలుకు ఇచ్చిన పొలాలకు సంబంధించిన సందేశాలు పట్నంలో కాపురమున్న యజమానులకు వెళ్లాయి. చీనీ తోటలను పూతకు ముందు కొన్నాళ్లు నీళ్లు ఆపి బెట్టకు వదులుతారు. మోడల్ దానిని ప్రమాదంగా భావించి వెంటనే తడి ఇవ్వమని పదేపదే హెచ్చరించింది. వీటిలో చాలా సంగతులను ఆమె మొదటి ఏడాదిలోనే పద్నాలుగు పేజీల నోట్‌గా రాసి ఇచ్చారు. అది వార్షిక నివేదికలో అనుబంధంగా చేరింది. ఎవరూ చదవలేదని రెండో ఏడాది చివర ఒక సమావేశంలో తెలిసింది.

ఇప్పుడు తుది నివేదిక తయారవుతోంది. చిత్తుప్రతిలో "రైతుల్లో అత్యధికులు సలహా సేవను స్వీకరించారు, నీటి ఆదా పరిమితంగా ఉండడానికి రైతుల్లో అవగాహన కొరవడడం కారణం" అని ఉంది. స్వీకరించారనడానికి ఆధారం, సందేశాలను తెరిచి చూడడం. ఆమె అభ్యంతరం చెబితే పీఐ గారు, "ఇందులో అబద్ధం ఏముందమ్మా? రెండో దశ మంజూరు కావాలంటే ఇలాగే రాయాలి" అన్నారు. ఆయన చెడ్డవారు కారనీ, తన తండ్రి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాలుగు రాత్రులు తోడున్నారనీ ఆమే రాశారు. పదోన్నతి దరఖాస్తు పరిశీలనలో ఉంది. ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి సిద్ధాంత గ్రంథానికి ఎంచుకున్న విషయం, ఈ సలహా సేవను రైతులు ఎలా స్వీకరించారన్నదే. సంతకం చేయాలా, ఈ వైఫల్యంలో తన తప్పెంత, ఇకమీదట ఇతర శాఖల వారితో కలిసి పనిచేయడం అవసరమా అని మూడు ప్రశ్నలు అడిగారు.

*

మీ ఉత్తరంలో 'ఫెయిల్యూర్' అన్న మాట చాలాసార్లు వచ్చింది కానీ, వచ్చిన ప్రతిసారీ ఒకే అర్థంలో రాలేదు. మొదట దానిని విడదీసుకుందాం. సెన్సర్లు పనిచేశాయని, నేలతేమ అంచనా చాలావరకు సరిగానే వచ్చిందని, సందేశాలు వేళకు వెళ్లాయని మీరే రాశారు. అంటే యంత్రం విఫలం కాలేదు. సందేశం అందుకున్న మనిషే నీళ్లు పెట్టాలా వద్దా అని నిర్ణయిస్తాడన్న ఊహ తప్పింది. ఊహ తప్పని తేలడం నా లెక్కలో వైఫల్యం కాదు, పరిశోధన ఫలితం; మూడేళ్ల ఖర్చుకు మీకు దక్కిన అసలు ఫలితం అదే. ఇక మిగిలింది మూడోది. ఆ ఊహ తప్పని మీ బృందంలో ఒకరికి మొదటి ఏడాదే తెలిసినా, ఆ తెలిసినది మిగతావారి పనిని ఒక్క అంగుళం కూడా కదిలించలేకపోయింది. నిజమైన వైఫల్యం ఇది ఒక్కటే. విచిత్రమేమిటంటే పీఐ గారి చిత్తుప్రతిలోనూ, మీ అభ్యంతరంలోనూ దీని ఊసు లేదు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన భాగం, ఒక రైతు ఇంట్లో మీరు బస చేసిన రాత్రి గురించి రాసిన ఐదారు వాక్యాలు. తెల్లవారకముందే కరెంటు వచ్చింది, మోటారు పెట్టెలో 'టక్' మని చప్పుడైంది, పైపులో గాలి కక్కుతూ నీళ్లు ఎక్కాయి. రైతు మంచం మీద అటు నుంచి ఇటు తిరిగి పడుకున్నాడు. తలగడ పక్కనున్న ఫోనులో ముందురోజు సాయంత్రం వచ్చిన "మూడు రోజులు ఆగండి" అన్న సందేశం ఉంది, ఆయన దానిని చదివాడు కూడా. మీ పీఐ గారి లెక్కలో ఆయన సలహాను స్వీకరించిన రైతు. వ్యవసాయ శాస్త్రవేత్త లెక్కలో అదనంగా ఒక తడి పెట్టిన రైతు. మీ లెక్కలో ఆ రోజు ఏ నిర్ణయమూ తీసుకోని రైతు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. 'స్వీకరించడం' అన్న ఒకే మాటను మూడు కొలతలతో కొలుస్తున్నామని మాత్రం మూడేళ్లలో ఒక్క సమావేశంలోనూ ఎవరికీ తట్టలేదు. ఆ రాత్రి సంగతి మీ పద్నాలుగు పేజీల నోట్‌లో ఉందా? ఉత్తరాన్ని బట్టి చూస్తే, "నీటి నిర్ణయాల్లో వ్యక్తి కర్తృత్వపు పరిమితులు" అన్న ఉపశీర్షిక కింద ఎక్కడో కలిసిపోయి ఉంటుందని నా అనుమానం.

అందుకే మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీ తప్పు కొంత ఉంది. మీరు చెప్పలేదని కాదు, చెప్పారు. కానీ మీ శాఖలో మెచ్చుకునే భాషలో చెప్పారు. ఆ నోట్‌లో ఎక్కడైనా "ఇది నిజమైతే మోడల్‌లో ఫలానాది మార్చాలి" అన్న వాక్యం ఉందేమో వెతికి చూడండి. ఆటోమేటిక్ స్టార్టర్ ఉన్న పొలానికి సందేశం పంపినా ఉపయోగం లేదు, స్టార్టర్‌నే ఆపగలిగే పరికరమైనా పెట్టాలి, లేదా ఆ పొలాలను లెక్కలోంచి తీసేయాలి. ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంటే కంప్యూటర్ సైన్స్ కుర్రవాళ్లు వారం రోజుల్లో ఏదో ఒకటి చేసేవారు. సైన్స్ చరిత్రకారుడు పీటర్ గాలిసన్, భౌతికశాస్త్రంలో సిద్ధాంతకర్తలు, ప్రయోగాలు చేసేవారు, పరికరాలు కట్టేవారు ఎలా కలిసి పనిచేశారో వివరిస్తూ దానిని సంతతో పోల్చాడు. సంతకు వచ్చిన వాళ్లు ఒకరి భాష ఒకరు పూర్తిగా నేర్చుకోరు, ఒకరి విలువలను ఒకరు ఒప్పుకోనక్కరలేదు, సరుకు చేతులు మారడానికి సరిపడా ఒక పొట్టి భాషను మాత్రం తయారుచేసుకుంటారు. మీ బృందంలో సంత ఉంది, సరుకూ ఉంది, ఆ పొట్టి భాషే లేదు. అయితే దానిని తయారుచేసే బాధ్యత మీ ఒక్కరిదే అనడం లేదు. మీ నోట్ చదవకుండా అనుబంధంలో పడేసిన వారి తప్పు మీ తప్పుకంటే పెద్దదే.

ఇలాంటి కథ మనకు దగ్గరలోనే ఒకటి జరిగింది. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, నల్లరేగడి నేలల కోసం వెడల్పాటి మడులు, వాటి మధ్య కాలువలు ఉండే సాగు పద్ధతిని రూపొందించి, దానితోపాటు ఎద్దులు లాగే చక్రాల పరికరాన్ని ప్రోత్సహించింది. ఒకే చట్రానికి నాగలి బిగించవచ్చు, గొర్రు బిగించవచ్చు, పని అయిపోయాక బండిగా వాడుకోవచ్చు. పరిశోధన క్షేత్రంలో అది చక్కగా పనిచేసింది. ఇలాంటి పరికరాల కోసం అనేక దేశాల్లో దశాబ్దాలపాటు ప్రయత్నాలు జరిగాయి. వాటన్నిటినీ పరిశీలించి, పశువులతో సాగు విషయంలో నిపుణుడైన పాల్ స్టార్కీ 1988లో ఒక అధ్యయనం ప్రచురించారు. అప్పటికి 45కు పైగా నమూనాల్లో సుమారు 10,000 పరికరాలు తయారైతే, వాటిని కొన్నేళ్లపాటు బహుళ ప్రయోజన పరికరాలుగా వాడిన రైతులు లెక్కలోకి రానంత తక్కువ. ఎక్కువ భాగం మూలపడ్డాయి, లేదా మామూలు బండ్లయిపోయాయి. ధర ఎక్కువ, బరువు ఎక్కువ, చిన్న చెక్కల్లో మలుపు తిప్పడం కష్టం, ఒక పనిముట్టు విప్పి మరొకటి బిగించడం చికాకు. ఇందులో రైతుకు తెలియనిది ఏముంది? అసలు బాధ కలిగించేది వేరే. ఒక దేశంలో రైతులు వద్దన్న సంగతిని రాసినవారు లేనందువల్ల, మరో దేశంలో మరో బృందం ఆశావహమైన నివేదికలు మాత్రమే చదివి, మళ్లీ అదే దారిలో మొదటి నుంచి నడిచింది. పరికరాన్ని మెరుగుపరచిన ఇంజనీర్లు సమర్థులే, ఊళ్లలో తిరిగిన ఆర్థికవేత్తలు సమర్థులే. వారి కాగితాలు వేర్వేరు అల్మారాల్లో ఉండిపోయాయి.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి, చెప్పకుండా మీకు సలహా ఇవ్వడం న్యాయం కాదు. చాలా ఏళ్ల కిందట నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీటిని ఇళ్లలోనే శుద్ధిచేసుకునే పద్ధతిని పరీక్షించే బృందంలో నేను 'సామాజిక' విభాగం మనిషిని. పటిక, సున్నం తగు మోతాదులో కలిపి, నెమ్మదిగా తిప్పి, మడ్డి అడుగుకు దిగేదాకా కదపకుండా ఉంచి, పైనీళ్లు వంచుకోవాలి. రసాయనశాస్త్రం ప్రకారం ఏ లోపమూ లేని పని. రెండో నెలలో ఒక ఇల్లాలు, "నాలుగు బిందెల నీళ్లకు ఇంతసేపు కావలి కూసుంటే కూలికి ఎవరు పోవాలె సారూ?" అని అడిగింది. ఆ మాట నా డైరీలో ఉంది. నివేదికలో మాత్రం "ప్రజల్లో తగిన అవగాహన లేదు" అని ఉంది. ఆ వాక్యం రాసింది రసాయన శాస్త్రవేత్త కాదమ్మా, నేనే. బృందంలో నాకు ఇచ్చిన చోటు అటువంటి వాక్యాలు రాయడానికే అని అప్పట్లో అనుకున్నాను. మీ చిత్తుప్రతిలో అదే మాట చూసి కాసేపు కాగితం పక్కన పెట్టాను.

ఇక సంతకం సంగతి. చిత్తుప్రతి మీద ఉన్నదున్నట్టు సంతకం చేస్తే ఏమవుతుంది? పదోన్నతికి ఆటంకం ఉండదు, ఆయనతో స్నేహం నిలుస్తుంది, రెండో దశ మంజూరు కావచ్చు. ఆ రెండో దశ అదే ఊహతో మరిన్ని గ్రామాలకు వెళుతుంది, అది ఒకటి. మీ నోట్ తేదీతో సహా మొదటి వార్షిక నివేదికలోనే ఉంది కనుక, రెండూ పక్కపక్కన పెట్టి చదివినవారు మిమ్మల్నే అడుగుతారు, అది రెండు. నాకు వీటికంటే ముఖ్యమైనది మూడోది. రైతులు సలహాను స్వీకరించారని మీ సంతకంతో ఉన్న నివేదికకు విరుద్ధంగా మీ విద్యార్థిని తన గ్రంథంలో ఒక్క వాక్యం కూడా రాయడానికి వీలుండదు. మీరు మీ కోసం రాజీపడవచ్చు, ఆ హక్కు మీకుంది. ఆమె తరఫున రాజీపడే హక్కు ఉందా అన్నది ఆలోచించండి.

పూర్తిగా పేరు తీసేయమని కోరడం రెండో కొస. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం నియమాల ప్రకారం, తుది ప్రతిని ఆమోదించి, దానికి జవాబుదారీగా ఉంటానని ఒప్పుకున్నవారే రచయితలు. మీ శాఖ వైద్యం కాకపోయినా ఆ నీతి మీకూ వర్తిస్తుంది కనుక, ఒప్పుకోని వ్యాసం నుంచి తప్పుకోవడం తప్పు కాదు. కానీ ప్రాజెక్టు పూర్తి నివేదిక వ్యాసం లాంటిది కాదు. మూడేళ్లు కో-పీఐగా ఉన్న సంగతి మంజూరు ఉత్తర్వులోనే ఉంది, చివరి కాగితం మీద పేరు లేకపోతే నిధులిచ్చిన సంస్థ కారణం అడుగుతుంది, విశ్వవిద్యాలయం విచారణ అనే పెద్ద మాట వాడుతుంది. ఆ గొడవలో రైతుల సంగతి వెనక్కుపోయి మీ ఇద్దరి తగాదా ముందుకొస్తుంది. మిగతా దారులన్నీ మూసుకుపోతే తప్ప ఇటు వెళ్లవద్దనే చెబుతాను.

మధ్యలో ఉన్న దారివైపే నా మొగ్గు. పీఐ గారితో వాక్యం తప్పు అని వాదించకండి, వాక్యాన్ని మూడు చేయమని అడగండి. ఎంతమంది సందేశం తెరిచారు, ఎంతమంది నీళ్లు పెట్టే ముందు దానిని లెక్కలోకి తీసుకున్నామని మీ ఇంటర్వ్యూల్లో చెప్పారు, మోటారు గంటలు ఎంత మారాయి. ఈ మూడు అంకెలూ విడివిడిగా పక్కపక్కన ఉంటే ఆయన వాదనకూ చోటుంటుంది, మీదీ మాసిపోదు. "అవగాహన కొరవడడం" బదులు ఇలా ఉండవచ్చు: "ఆటోమేటిక్ స్టార్టర్లు, ఉమ్మడి బోర్ల వంతులు, కౌలు సాగు ఉన్న పొలాల్లో సందేశం అందినవారి చేతిలో నీటి నిర్ణయం లేదు, తదుపరి దశలో పరికరాన్నీ, పొలాల ఎంపికనూ దీనికి అనుగుణంగా మార్చవలసి ఉంది." గమనించారా, ఈ వాక్యం రెండో దశకు అడ్డురాదు. రెండో దశ ఎందుకు కావాలో ఆయన రాసినదానికంటే గట్టిగా చెబుతుంది. ఆయన పట్టుదల వెనుక నిధుల ఖర్చుకు లెక్క చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్టు గడువూ, జీతం ఆగిపోబోయే ఇద్దరు ప్రాజెక్టు అసిస్టెంట్లూ ఉన్నారని మీ ఉత్తరంలోనే ఒక మూల రాశారు. అది అహంకారం కాదు, భయం. మీ తండ్రిగారి మంచం పక్కన నాలుగు రాత్రులు కూర్చున్న మనిషితో ఈ మాట సమావేశంలో అనకండి, ఈమెయిల్లో అసలే వద్దు. వెళ్లి ఒంటరిగా మాట్లాడండి.

ఆయన అప్పటికీ ఒప్పుకోకపోతే, మీ పేరుతో వేరే అధ్యాయం కావాలని లిఖితపూర్వకంగా అడగవచ్చు. మంజూరు ఉత్తర్వుతో ఇచ్చిన నిబంధనల్లో కో-పీఐల విడి నివేదికలకు చోటుందేమో ముందు చూసుకోండి. ఇది స్నేహానికి దెబ్బే, దాచను. కానీ ఆ దెబ్బ నుంచి కోలుకోవచ్చు. బహిరంగంగా విడిపోయాక కోలుకోవడం కష్టం. దేనికైనా ముందు ఒక సాయంత్రం కూర్చుని, ఏ నెలలో ఏ నిర్ణయం జరిగింది, అప్పటికి ఎవరికి ఏమి తెలుసు అన్నది తేదీలవారీగా ఒక కాగితం మీద రాసుకోండి. పేర్ల పక్కన విశేషణాలు లేకుండా రాయండి. సెన్సర్ల కొనుగోలు ఉత్తర్వు మీ క్షేత్రపర్యటనకంటే ముందే వెళ్లిపోయిందని మీ ఉత్తరంలో ఉంది. అంటే మీరు కనుక్కునేది ఏదైనా సరే, మార్చడానికి వీలులేని దశలో కనుక్కోవడానికే మిమ్మల్ని పెట్టారు. అది ఏ ఒక్కరి దుర్బుద్ధీ కాదు, బడ్జెట్ ఖర్చయ్యే వరుస అలా ఉంది. ఈ కాగితం రాశాక మీ కోపం సగం తగ్గుతుందని నా అంచనా, మిగతా సగం ఉండాల్సిందే.

విద్యార్థిని విషయంలో ఆలస్యం చేయకండి. 'రైతులు ఎలా స్వీకరించారు' అన్న ప్రశ్నకు 'స్వీకరించలేదు' అన్నది జవాబైతే గ్రంథం నిలవదేమోనని ఆమెకు భయం ఉంటుంది. సానుకూల ఫలితాలు అచ్చుకు వెళ్లడం, మిగతావి సొరుగుల్లో ఉండిపోవడం గురించి మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ రోసెంతాల్ 1979లోనే హెచ్చరించాడు. ఆ సొరుగులోకి ఆమె మూడేళ్లు వెళ్లకూడదు. శీర్షికను 'బోరు కింద నీటి నిర్ణయం ఎవరిది' అన్న వైపు తిప్పితే ఆమె సేకరించిన ప్రతి ఇంటర్వ్యూ పనికొస్తుంది. గ్రంథం సమర్పించే ముందు జరిగే ప్రీ-సబ్మిషన్ సమావేశానికంటే ముందే శీర్షిక మార్పును సాధారణంగా పరిశోధన సలహా సంఘం ఆమోదించాలి కాబట్టి, తుది నివేదికకంటే ముందు ఆ దరఖాస్తు కదలాలి. మోటారు గంటల లెక్కలు వాడుకోవడానికి పీఐ గారి అనుమతి కూడా ఇప్పుడే, సంబంధాలు బాగున్నప్పుడే, కాగితం మీద తీసుకోండి.

ఇతర శాఖలతో మళ్లీ పనిచేయాలా అన్నదానికి ఎక్కువ చెప్పను. చేయాలి, ఎందుకంటే ఆ స్టార్టర్ సంగతి ఇంజనీరు ఒక్కడే కనుక్కోలేడు, మీరు ఒక్కరే సరిచేయలేరు. కాకపోతే షరతులు ముందే పెట్టండి. పరికరాలు కొనడానికి ముందు బృందమంతా ఊళ్లో వారం రోజులు గడపాలి. ఆరో నెలలో నమూనా మార్చుకోవడానికి బడ్జెట్‌లో కొంత సొమ్ము ఆపి ఉంచాలి. మనస్తత్వ శాస్త్రవేత్త గేరీ క్లైన్ 2007లో సూచించిన ఒక చిన్న పద్ధతి కూడా ఉంది: పని మొదలుపెట్టక ముందే, "మూడేళ్లు గడిచాయి, ప్రాజెక్టు ఘోరంగా దెబ్బతింది, ఎందుకు?" అని ప్రతి ఒక్కరూ విడిగా రాసి చదవడం. జూనియర్లు నోరు విప్పడానికి అది మంచి సాకు. మీరు కూడా వారి గ్రాఫులు చదవడం నేర్చుకోండి, నోట్‌ను ఒక పేజీకి కుదించండి.

చివరగా, మీరు ప్రశ్నగా అడగకపోయినా ఉత్తరం అంచున రాసిన సంగతి ఒకటుంది. ఆ సెన్సర్ కంభాలు, చిన్న సోలార్ పలకలు ఇంకా పొలాల్లోనే ఉన్నాయని, ఒక రైతు "దుక్కికి అడ్డమొస్తోంది, పీకెయ్యొచ్చా మేడమ్?" అని రెండుసార్లు ఫోన్ చేశాడని, మీరు "సార్‌ను అడిగి చెబుతాను" అని ఇంకా చెప్పలేదని రాశారు. తొలకరికి ముందే వెళ్లండి. వీలైతే పీఐ గారిని కూడా మీతో తీసుకెళ్లండి, ఆ మూడు అంకెల వాక్యం గురించి మాట్లాడడానికి కారు ప్రయాణం ఆయన గదికంటే మంచి చోటు. కంభాలు తీయించి, గుంటలు పూడ్పించి, వారి పొలంలో సేకరించిన లెక్కలను వారికి అర్థమయ్యేలా కాగితం మీద ఇచ్చి, సందేశాలు ఎందుకు పనికిరాలేదో మీకు తెలిసినంతవరకు చెప్పండి. చీనీ తోటల వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.